రాయి వదిలిన గాలి

మూడోసారి కూడా బట్టీ చెడిపోయిందని నాంచారమ్మకు రాయిని చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. బాగా కాలిన సున్నపురాయి తేలిగ్గా ఉంటుంది. రెండు ముక్కలు తీసుకుని ఒకదానితో ఒకటి తడితే ఖంగుమంటుంది. ఈ రాయి బరువుగా ఉంది. తడితే మొద్దుగా టక్కుమంది. సుత్తితో పగలగొట్టి చూసింది. పైన గోరు మందాన తెల్లటి పొర, లోపలంతా గుట్ట మీద నుంచి తెచ్చినప్పటి బూడిదరంగే.

మూడు పగళ్ళూ మూడు రాత్రులూ తుమ్మమొద్దులు మింగిన బట్టీ అది. నాంచారమ్మ ఆ ముక్కల్ని కింద పడేసి, కొంగుతో మొహం మీది బూడిద తుడుచుకుని, అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది.

పెదకోటయ్య గుట్ట దిగి వచ్చి చూశాడు. ఆయన ఆమె భర్తకు అన్న. గుట్టకు అవతలి వైపు ఆయన బట్టీ ఉంది. దాన్ని ఆయన రెండు నెలల కిందటే మూసేశాడు.

"నే చెప్తానే ఉన్నా గదమ్మా. రాతిబొగ్గు లేకుండా సున్నం కాదు. యుద్ధమయిందాకా ఆగాల్సిందే. నర్సరావుపేటలో పత్తి మిల్లుల్లో కూలికి తీసుకుంటన్నారంట. నువ్వూ రా."

"చూద్దాంలే బావా" అంది నాంచారమ్మ. ఆ మాటలో పట్టుదల ఏమీ లేదు. అప్పటికి ఇంకో మాట తోచలేదు, అంతే.

అది 1943 వేసవి. గురజాలకు రెండు కోసుల దూరంలో, మాచర్ల పోయే రైలుకట్టకు ఆనుకుని ఉన్న ఆ సున్నపుగుట్టే వాళ్ళకు పొలమూ పాడీ. నాంచారమ్మ నూజెండ్ల వైపు పిల్ల. తండ్రి బాలకోటయ్య కట్టెలతోనే సున్నం కాల్చేవాడు. పధ్నాలుగో ఏట చిన్నకోటయ్యను చేసుకుని ఈ గుట్ట కిందికి వచ్చింది. రైలు పడ్డాక రాతిబొగ్గు రావడం మొదలైంది. చిన్నకోటయ్య నిలువెత్తు కొత్త బట్టీ కట్టాడు. ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు పేర్చి కింద నిప్పు పెడితే గాలి హోరున పైకి లాగేది. అయిదేళ్ళ కిందట అతను జ్వరంతో పోయాడు. ఆడదానివల్ల బట్టీ ఏమవుతుందని ఊరు అనుకుంది. నాంచారమ్మ మాత్రం దినవారాలు కాగానే గడ్డపార తీసుకుని గుట్టెక్కింది. అప్పటినుంచి నిరుటి దాకా ఆమె సున్నానికి వంక పెట్టినవాళ్ళు లేరు.

యుద్ధం ముదిరాక వ్యాగన్లన్నీ పట్టాళానికే పోయాయి. రాతిబొగ్గు ఆగిపోయింది. సిమెంటు సర్కారు కంట్రోలులోకి వెళ్ళింది. సిమెంటు లేదు కాబట్టి సున్నం అడిగేవాళ్ళు పెరిగారు, కాల్చడానికి మాత్రం బొగ్గు లేదు. నాంచారమ్మ కట్టెలకు దిగింది. కట్టెల మంట బొగ్గంత గట్టిది కాదని ఆమెకు తెలుసు. అందుకని ఉన్న వేడి బయటికి పోకుండా చూడాలనుకుంది. మొదటిసారి సగం కాలింది. రెండోసారి బట్టీ పైన మట్టితో మెత్తి, రెండే బెజ్జాలు ఉంచింది. అది ఇంకా చెడ్డది. మూడోసారి ఆ రెండు బెజ్జాలూ కూడా మూసి, గోడలో ఎక్కడ సన్నటి చీలిక ఉన్నా బంకమట్టి కూరింది. ఎంత జాగ్రత్త పడితే అంత పచ్చిరాయి మిగిలింది. ఆ సంగతే ఆమెకు మింగుడుపడలేదు.

మర్నాడు పొద్దున రెండెడ్ల బండి ఒకటి వచ్చి బట్టీ ముందు ఆగింది. ముందు దిగినవాడు మౌలాలీ మేస్త్రి. గురజాలలో మిషను వాళ్ళు ఆడపిల్లల బడికి రెండు గదులు కట్టిస్తుంటే ఆ పని అతనిది. చిన్నకోటయ్య ఉన్నప్పటినుంచీ ఆ ఇంటికి అన్నలాంటివాడు. వెనక దిగినావిడకు ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఉంటాయి. తెల్లచీర, చేతిలో గొడుగు.

"చెల్లే, మొన్న నువ్వు పంపిన సున్నం తొట్లో పోసి నీళ్ళు పోస్తే సగం రాళ్ళు రాళ్ళుగానే మిగిలినయ్యే. గోడలకి డంగుసున్నం గానుగ పట్టాలంటే ఇసక పట్టినట్టుంది" అన్నాడు మౌలాలీ. తిట్టడానికి వచ్చినట్టు లేదు, బాధపడుతున్నట్టే అన్నాడు. "ఈవిడ ఎస్తేరు టీచరు. ఆడపిల్లల బడికి సైన్సు చెప్తది. కట్టుబడి చూసుకునే పని కూడా ఈమె నెత్తినే పడేశారు. నేనే వచ్చి చూస్తానంటే తీసుకొచ్చా."

నాంచారమ్మ లేచి నిలబడింది. "తప్పు నాదే టీచరమ్మా. ఆ బండెడు సున్నం వెనక్కి పంపండి."

ఎస్తేరు ఆ మాట వినిపించుకున్నట్టు లేదు. కింద పడున్న రాతిముక్కను తీసుకుని, పైన తెల్లపొరనూ లోపలి బూడిదరంగునూ తిప్పి తిప్పి చూస్తోంది. తెల్లచీర కుచ్చిళ్ళు మసిలో పడుతున్నా ఆమెకు పట్టలేదు.

"అక్కా, వంద వీశెల రాయి కాలిస్తే సున్నం ఎంత వచ్చేది మీకు?"

"బొగ్గున్నప్పుడా? యాభై అయిదు, యాభై ఆరు."

"సరిగ్గా అంతే రావాలి!" అని ఎస్తేరు మొహం వెలిగిపోయింది. "పుస్తకంలో యాభై ఆరే. మరి మిగతా నలభై నాలుగూ ఏమైనయ్యి?"

"పొగలో పోద్ది గదా."

"పొగ కాదు. గాలి. రాయిలోనే ఇమిడి ఉంటది, కంటికి కనపడదు. బొగ్గుపులుసు గాలి అంటారు. అది బయటికి పోతేనే రాయి సున్నమయ్యేది."

ఇరవై ఆరేళ్ళుగా సున్నం కాలుస్తున్న నాంచారమ్మకు రాయిలో గాలి ఉందని చెప్పినవాళ్ళు లేరు. నమ్మాలో నవ్వాలో తెలియలేదు. కానీ ఈవిడ యాభై ఆరు అన్నది. గుట్ట మొహం చూడని మనిషికి ఆ లెక్క ఎలా తెలిసింది? అందుకని, ఎన్నాళ్ళగానో లోపల పెట్టుకున్న ప్రశ్న ఒకటి బయటపెట్టింది.

"ఒక మాట అడుగుతా టీచరమ్మా, నవ్వబాకండి. కాలిన సున్నం మీద చెంబుడు నీళ్ళు పోస్తే చాలు, కింద మంట లేకపోయినా దానంతటదే కుతకుతా ఉడుకుద్ది. దగ్గరికి పోతే మొహం కాలుద్ది. అదే రాయిని సున్నం చెయ్యాలంటే మూడు రోజులు మంటబెట్టినా మొండికేస్తది. ఒకటి దానంతటదే అవుద్ది, ఇంకోటి కానంటది. ఎందుకట్టా?"

"వేడి బయటికి వదిలే పనులు వాటంతటవి అయితయ్" అని ఎస్తేరు మొదలుపెట్టింది. వెంటనే తనే తల అడ్డంగా ఊపింది. "కాదక్కా, అది సగం మాటే. నాకు రెండ్రోజులు టైమియ్యి. మద్రాసులో బీయస్సీ చదివేటప్పుడు ఈ పాఠం మీద పరీక్ష రాశా. మార్కులూ వచ్చినయ్. కానీ నువ్వడిగినట్టు నన్ను ఎవరూ అడగలా. నేనూ ఎవర్నీ అడగలా."

రెండు రోజులన్న ఎస్తేరు మూడో రోజు సాయంత్రం బడి వదిలాక వచ్చింది. సంచిలో రెండు గోలీసోడాలు, ఒక కాగితం పొట్లం, ఒక ఇత్తడి చెంబు. వేపచెట్టు నీడలో నాంచారమ్మ మంచం వాల్చింది. మౌలాలీ కూడా ఉన్నాడు. పెదకోటయ్య పిలవకుండానే వచ్చి కొంచెం ఎడంగా గొంతుక్కూర్చున్నాడు.

ఎస్తేరు పొట్లం విప్పింది. తెల్లటి పొడి.

"ఇది నవాసాగరం గదా. కళాయి పోసేవాళ్ళ దగ్గర ఉండేది" అన్నాడు మౌలాలీ.

"అదే. అక్కా, చెంబు నువ్వే పట్టుకో." చెంబులో సగానికి నీళ్ళున్నాయి. ఎస్తేరు గుప్పెడు పొడి అందులో వేసి పుల్లతో తిప్పింది. నాంచారమ్మ ఉలిక్కిపడి చెంబు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"చల్లబడిందే! బావి అడుగు నీళ్ళలాగా!"

"పొడి కరిగిందా?"

"కరిగింది."

"మంట పెట్టావా?"

"ఎక్కడిది మంట?"

"చూడు మరి. దానంతటదే కరిగింది. కానీ వేడి వదలలా, ఎదురు నీ చేతిలో వేడి లాక్కుంది. వేడి వదిలే పనులే వాటంతటవి అయితయ్యని మొన్న నేనన్న మాట తప్పని తేలిపోయింది గదా." తప్పు ఒప్పుకోవడానికి ఆమె కొంచెమైనా సిగ్గుపడలేదు, పైగా హుషారుగా ఉంది. "రెండు చూడాలక్కా. ప్రతి వస్తువుకీ వేడి వదిలేసి కుదురుగా కూర్చోవాలని ఒకటుంటది. చెదిరిపోయి విడివిడిగా తిరగాలని ఇంకోటుంటది. నవాసాగరం గడ్డగా ఉండేకంటే నీళ్ళల్లో చెదిరిపోవడానికే మొగ్గింది. అందుకని వేడి లాక్కుని మరీ కరిగింది. సున్నం మీద నీళ్ళు పోసినప్పుడు మొదటిది గెలుస్తది. వేడి బయటికి కొడతది."

"మరి నా రాయో?"

"నీ రాయిలో రెండూ కొట్లాడతయ్. గాలి రాయిలో ఇమిడి ఉంటే కుదురు. బయటపడితే చెదురు. చల్లగా ఉన్నంతసేపూ కుదురుదే పైచెయ్యి. అందుకే ఈ గుట్ట ఇన్ని యుగాలు గుట్టగానే ఉంది. వేడి పెరిగే కొద్దీ చెదురుకి బలం వస్తది. ఒక వేడి దాటినాక అది గెలుస్తది. అప్పుడిక రాయి దానంతటదే గాలి వదిలేస్తది. ఈ రెండిట్నీ కలిపి ఒకటిగా చూసి, పని ఎటు నడుస్తదో చెప్పే దానికి ఇంగ్లీషులో ఫ్రీ ఎనర్జీ అని పేరు. అది తగ్గే వైపుకే ఏ పనైనా నడుస్తది."

"ఫిరీ అంటే ఊరికే ఇచ్చేది గదా టీచరమ్మా" అన్నాడు పెదకోటయ్య దూరంనుంచి. "మూడు బండ్ల తుమ్మ తగలేసింది మా మరదలు. ఇందులో ఫిరీ ఏముంది?"

అందరూ నవ్వారు. ఎస్తేరు కూడా. "ఊరికే కాదు మావయ్యా. పనికి వాడుకోడానికి మిగిలి ఉండేదని అర్థం."

నాంచారమ్మ నవ్వలేదు. చల్లటి చెంబు ఒళ్ళో పెట్టుకుని ఆలోచిస్తోంది. "కావల్సినంత వేడి నా బట్టీలో వచ్చింది టీచరమ్మా. ఎర్రగా, పండిన నారింజ రంగు దగ్గరికి వచ్చింది. నాకు తెలుసు. నా కళ్ళు మోసం చెయ్యవు. మరెందుకు వదల్లా?"

"దానికే సోడాలు తెచ్చా." ఎస్తేరు ఒక సీసా ఆమె చేతికిచ్చింది. "ఇందులో ఉన్నదీ అదే గాలి. బొగ్గుపులుసు గాలి. గోలీ బిగించి ఉంది గదా, ఇప్పుడు బుడగలు వస్తున్నయ్యా?"

"రావట్లా."

"గోలీ కొట్టు."

నాంచారమ్మ బొటనవేలితో గోలీ లోపలికి నొక్కింది. బుస్సుమని నురగ చేతి మీదికి పొంగింది. అడుగునుంచి బుడగలు వరసకట్టి పైకి వస్తున్నాయి. ఆమె సీసా వంక, బట్టీ వంక చూసింది. బంకమట్టితో నున్నగా మెత్తిన బట్టీ ఎండలో పగిలిపోని కుండలా ఉంది.

"గోలీ బిగించింది నేనేగా" అంది మెల్లగా.

నురగ అంటిన చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"వేడి పోతదని బెజ్జాలన్నీ మూశా. ఆ గాలి పోయే దారి లేక లోపలే నిండిపోయింది. లోపల నిండిపోతే రాయిలో ఉన్నదెట్టా బయటికొస్తది? వచ్చినా మళ్ళా దాంట్లోకే పోద్ది. అంతేనా?"

"అంతే అక్కా" అంది ఎస్తేరు. "పుస్తకంలో ఇదే మాటకు ఒక పేజీడు లెక్క ఉంది. చుట్టూ ఆ గాలి ఎంత పల్చగా ఉంటే రాయి అంత తక్కువ వేడికే వదులుద్ది. కట్టెల మంట చాలదన్న భయం అక్కర్లేదు. దారి ఉంటే చాలు."

"రెండు సోడాల కోసం మూడు రోజులు ఆలోచించావా టీచరమ్మా" అని మౌలాలీ రెండోది కొట్టి తాగేశాడు.

మరుసటి వారం బట్టీని కొత్తగా పేర్చారు. నాంచారమ్మ రాయిని పిడికెడు ముక్కలుగా కొట్టించింది. నడిమధ్య నాలుగు తుమ్మమొద్దుల్ని నిలువునా నిలబెట్టి చుట్టూ రాయి పేర్చింది. మొద్దులు కాలిపోయాక అక్కడ గొట్టంలాంటి దారి మిగిలిపోతుంది. పైన మట్టి మెత్తలేదు. పెద్దరాళ్ళు వదులుగా పరిచింది. ఇదంతా ఎస్తేరు చెప్పింది కాదు. సోడా బుడగలు చూశాక ఆమెకే తోచింది.

ఇంకొకటి కూడా తోచింది. దాని మీదే ఆమెకూ ఎస్తేరుకూ మాటామాటా వచ్చింది.

"మా నాయన కట్టెలతో కాల్చేటప్పుడు, బట్టీ ఎర్రబడ్డాక కింద బూడిదగుంటలో కుండతో నీళ్ళు పోసేవాడు. కొంచెం కొంచెంగా, ఆవిరి పైకి పోయేట్టు. ఎందుకు నాయనా అంటే రాయి తొందరగా ఇస్తదనేవాడు. నేనూ పోస్తా" అంది.

"వద్దక్కా" అంది ఎస్తేరు గట్టిగా. "నీళ్ళు ఆవిరవడానికే బోలెడు వేడి తినేస్తయ్. ఉన్న కట్టెలే తక్కువ."

"నిప్పుల్లో నీళ్ళు పోసేది బట్టీ ఆర్పడానికి" అన్నాడు పెదకోటయ్య. మొదటిసారి ఆయనా టీచరూ ఒక పక్షాన నిలబడ్డారు.

నాంచారమ్మకు తండ్రి మొహం కళ్ళముందు మెదిలింది. ఆయనకు చదువు లేదు, కారణం చెప్పలేడు. కానీ ఆయన సున్నం ఎప్పుడూ తెల్లగా ఉండేది. ఇటు చూస్తే, యాభై ఆరని చెప్పిన మనిషి వద్దంటోంది. బట్టీ వైపు చెయ్యి చూపించి అంది.

"బట్టీకి రెండు పొయ్యి నోళ్ళున్నయ్. తూర్పుదొకటి, పడమరదొకటి. తూర్పు గుంటలో నీళ్ళు పోస్తా. పడమటి గుంటలో పొయ్యను. కట్టెలు రెండిటికీ సమానం. ఏది నిజమో రాయే చెప్పుద్ది."

ఎస్తేరు తన నోటుపుస్తకం తెరిచి, రెండు గళ్ళు గీసి, పైన తూర్పు, పడమర అని రాసుకుంది.

బట్టీ నాలుగు రోజులు కాలింది. పడమటి వైపు కట్టెలు పెట్టే పని పెదకోటయ్య తనంతట తనే తీసుకున్నాడు. బహుశా తూర్పు ఓడిపోవాలని. నడిమొద్దులు కాలి కూలిపోయిన రెండో రోజు మధ్యాహ్నం, బట్టీ ఒక్కసారిగా గాలి పీల్చుకుని హోరుమంది. ఆ చప్పుడు నాంచారమ్మకు తెలుసు. భర్త ఉండగా బొగ్గు బట్టీ చేసిన చప్పుడే అది. రాళ్ళ సందుల్లోంచి రంగు కనిపించగానే కుండెత్తి తూర్పు గుంటలో నీళ్ళు చిలకరించడం మొదలుపెట్టింది. ప్రతిసారీ బుసకొట్టి తెల్లటి ఆవిరి రాళ్ళలోకి లేచేది. మంట కాస్త మసకబారి మళ్ళీ పుంజుకునేది.

నాలుగో రోజు పొద్దు వాలే వేళకు కట్టెలు అయిపోయాయి. రెండు రోజులు చల్లారనిచ్చారు. ఏడో రోజు పొద్దున బట్టీ విప్పుతుంటే గుట్ట మీద పనివాళ్ళంతా చేరారు. ఆదివారం. ఎస్తేరు ప్రార్థన కాగానే బండి కట్టించుకుని వచ్చేసింది.

పడమటి వైపునుంచి తీసిన రాళ్ళలో మూడింట ఒకదానికి నడుమ ఉసిరికాయంత పచ్చి మిగిలింది. మునుపటి వాటితో పోలిస్తే అదే ఎంతో మేలు. తర్వాత తూర్పు వైపు తీశారు. నాంచారమ్మ ఒక రాయి ఎత్తింది. పిట్టలా తేలిగ్గా ఉంది. రెండోదానితో తట్టింది. ఖంగుమంది. పగలగొట్టింది. ఈ చివరినుంచి ఆ చివరికి తెలుపు. ఇంకొకటి పగలగొట్టింది. ఇంకొకటి. ఇరవై రాళ్ళలో రెండిటికే పచ్చి ఉంది.

మౌలాలీ తొట్టిలో నాలుగు రాళ్ళు వేసి నీళ్ళు పోశాడు. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత రాయి చిట్లింది. బుసబుసమంటూ ఆవిరి లేచింది, నీళ్ళు కుతకుతా ఉడికాయి, రాళ్ళు పూవుల్లా విచ్చుకుని మెత్తటి వెన్నముద్దగా మారాయి. అతను చెయ్యి పెట్టలేక కర్రతో అడుగంటా తిప్పి చూశాడు.

"గరుకన్నది లేదు చెల్లే!" అని అరిచాడు.

పెదకోటయ్య ఒక తూర్పు రాయి, ఒక పడమటి రాయి చెరో చేతిలో పట్టుకుని తూచుకుంటూ నిలబడ్డాడు. ఎస్తేరు మాత్రం నోటుపుస్తకం మూసేసి బండి పక్కన కూర్చుంది. ఏదో గొణుక్కుంటోంది. నాంచారమ్మ దగ్గరికి వెళ్ళింది, ఈవిడ మనసు నొచ్చుకుందేమోనని.

"టీచరమ్మా..."

"ఉండక్కా, దొరికింది!" ఎస్తేరు ఆమె చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. "నీళ్ళు వేడి తింటయ్, అది నిజమే. కానీ ఆవిరి రాళ్ళ సందుల్లోంచి పైకి పోతా పోతా, అక్కడున్న బొగ్గుపులుసు గాలిని తోసుకుపోయింది. రాయి చుట్టూ ఆ గాలి పల్చబడిపోయింది. పల్చబడితే తక్కువ వేడికే వదులుద్దని నేనే గదా చెప్పా? చెప్పి కూడా నాకే తట్టలా. నీళ్ళు తిన్న దానికంటే ఇచ్చిందే ఎక్కువ. మీ నాయన గొప్పోడక్కా."

నాంచారమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తండ్రి చనిపోయి పదకొండేళ్ళయింది. చేసిన పనికి కారణం తెలియకుండానే పోయాడు. ఆ కారణం ఇప్పుడు కూతురి చెవిన పడింది. ఆమె ఎస్తేరు చేతిని వదలకుండా అలాగే కూర్చుంది. ఆ చేతికీ ఈ చేతికీ సున్నం అంటుకుంది.

ఆ నెలలోనే మరో రెండుసార్లు బట్టీ కాల్చారు. వానలు పడేలోగా బడి గోడలు లేచాయి, పైకప్పూ వేశారు. పెదకోటయ్య నరసరావుపేట పోలేదు. ఒక పొద్దున వచ్చి, బొగ్గు కోసం కట్టిన తన బట్టీకి నడుమ దారి ఎలా పెట్టాలో అడిగాడు. అడగడానికి ఇబ్బంది పడుతూ ముందు వానల గురించి, ఎడ్ల గురించి మాట్లాడాడు. నాంచారమ్మ ఆయన మాట పూర్తి కాకముందే గడ్డపార భుజాన వేసుకుని, "పద బావా" అంది. పిడుగురాళ్ళ వైపునుంచి కూడా బట్టీలవాళ్ళు వచ్చి చూసిపోయారు. ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. వచ్చినవాళ్ళందరికీ గోలీసోడా సంగతి చెప్పేది. కొందరు ఇంటికి పోయి నవ్వుకున్నారు, కొందరు చేసి చూశారు.

బడిలో ఒక్క చిక్కు వచ్చింది. డంగుసున్నం పూత నెల దాటినా గోరుతో గీస్తే గీత పడుతోందని మౌలాలీ కంగారుపడ్డాడు. ఎస్తేరు అతన్నీ నాంచారమ్మనూ గోడ దగ్గరికి పిలిచింది.

"ఈ సున్నం ఇప్పుడు వెనక్కి నడుస్తంది. మనం తరిమేసిన గాలినే బయటి గాలిలోంచి మళ్ళా పట్టుకుంటంది. మంట లేదు గదా, చల్లగా ఉంది. కుదురుదే పైచెయ్యి. మెల్లగా మళ్ళా రాయవుద్ది."

"దానంతటదేనా?" అని అడిగింది నాంచారమ్మ.

"దానంతటదే."

"మరి ఇంత ఆలస్యమెందుకు? నీళ్ళు పోస్తే చిటికెలో ఉడికిందే."

"దానంతటదే అంటే వెంటనే అని కాదక్కా. ఎటు నడుస్తదో ఫ్రీ ఎనర్జీ చెప్పుద్ది. ఎంత తొందరగా నడుస్తదో అది చెప్పదు. ఓపిక పట్టు మౌలాలీ అన్నా. పూతని రోజూ తడుపుతా ఉండు."

మౌలాలీ మూడు నెలలు ఓపిక పట్టాడు. సంక్రాంతి సెలవులు దాటి పిల్లలు తిరిగొచ్చే నాటికి గోడ మీద మేకు దిగడానికి సుత్తి నాలుగు దెబ్బలు వెయ్యాల్సి వచ్చింది.

యుద్ధం ముగిసింది. కొన్నాళ్ళకు రాతిబొగ్గూ తిరిగి వచ్చింది. నాంచారమ్మ మళ్ళీ బొగ్గు వాడింది, కానీ నడిమి దారినీ బూడిదగుంటలో నీళ్ళనూ మానలేదు. బొగ్గు మునుపటికంటే తక్కువ పట్టేది. రెండో బట్టీ కట్టింది. అందులో పనంతా ఆడవాళ్ళదే. ఎస్తేరు ఏటేటా పై తరగతి పిల్లల్ని నడిపించుకుని బట్టీ దగ్గరికి తెచ్చేది. మొదటి ఏడు నాంచారమ్మ సిగ్గుపడి నాలుగు మాటలు చెప్పి ఊరుకుంది. రెండో ఏటికి చెంబూ నవాసాగరమూ తనే సిద్ధం చేసుకుంది. పిల్లల్లో మరీ మాట్లాడని పిల్లను పిలిచి చెంబు పట్టుకోమనేది. ఆ పిల్ల చల్లదనానికి కెవ్వుమంటే అందరికంటే ముందు తనే నవ్వేది.

1948లో ఎస్తేరును నరసరావుపేట బడికి మార్చారు. వెళ్ళేటప్పుడు ఇద్దరూ పెద్దగా ఏడవలేదు. రైలుంది గదా అనుకున్నారు.

ఆ మరుసటి ఏడు మాఘమాసంలో ఒక శనివారం, నరసరావుపేట బడి ఆవరణలోకి నాంచారమ్మ ఒక కుండ చంకనెత్తుకుని వచ్చింది. నలభై ఆరేళ్ళు వచ్చాయి, నడకలో మాత్రం తొందర తగ్గలేదు. ఎస్తేరు తరగతి వదిలి ఎదురొచ్చింది.

"ఏందక్కా, కబురన్నా లేకుండా! అంతా క్షేమమేనా?"

"క్షేమమే. ఇది చూడు ముందు." నాంచారమ్మ కుండ దించి అందులో చెయ్యి పెట్టింది. కుండనిండా నీళ్ళు. అడుగునుంచి ఒక బూడిదరంగు ముద్ద తీసి ఎస్తేరు చేతిలో పెట్టింది. రాయిలా గట్టిగా ఉంది. "గుట్ట పడమటి కొసన కొత్త రాయి పడింది. మన్ను కలిసిన రాయి. పనికిరాదన్నారు. ఊరుకోలేక కాల్చి చూశా. సున్నం నల్లగా వచ్చింది, నీళ్ళు పోస్తే సరిగా ఉడకలా. ఇసకతో కలిపి ముద్ద చేసి ఈ నీళ్ళల్లో పడేసి మర్చిపోయా. ఇరవై రోజులకి చూస్తే ఇదిగో, ఇట్టా బిగిసింది."

ఎస్తేరు ముద్దను గోరుతో గీసింది. గీత పడలేదు.

"సున్నం గాలి పట్టుకుని రాయవుద్దని నువ్వేగా చెప్పింది" అంది నాంచారమ్మ. కళ్ళు మెరుస్తున్నాయి. "ఇది ఇరవై రోజులు నీళ్ళ కిందే ఉంది. గాలి తగల్లా. మరెట్టా బిగిసింది? దానంతటదే!"

ఎస్తేరు ముద్దను ఎండలోకి తిప్పి చూసింది. ఉన్నట్టుండి గట్టిగా నవ్వేసింది.

"నాకు తెలవదక్కా. నిజంగా తెలవదు." ఆమె కుండను చేతిలోకి తీసుకుని లోపలి గది వైపు దారితీసింది. "రా, కూర్చో. ఆ మన్ను ఎలాంటిదో, ఎంత కలిసిందో మొదటినుంచి చెప్పు. నోటుపుస్తకం తీస్తా."